ట్రంకుపెట్టె నుంచి సమగ్ర సంపుటి దాకా

ఇంట్లో కవి ఉన్నవాళ్లకి ఈ సంగతి తెలుసు. ఆయన పోయిన ఏడాదికో రెండేళ్లకో అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. మూత తీస్తే నోటుపుస్తకాలు, శుభలేఖల వెనకాల రాసుకున్న పద్యాలు, పత్రికల కత్తిరింపులు, ఎప్పుడో ఎవరో అచ్చేస్తామని పట్టుకెళ్లి తిరిగిచ్చిన ప్రూఫులు. "నాన్నగారివన్నీ కలిపి ఒక పుస్తకం వేద్దామండీ, మీరు కాస్త చూసిపెట్టాలి" అంటూ సాహిత్యం తెలిసిన మనిషి కోసం వెతుక్కుంటూ వస్తారు. ఆ మనిషి మీరే అయితే, ఒప్పుకునే ముందు ఇది చదవండి. నేను ఇలాంటి సంపుటాలు రెండింటికి పనిచేశాను. మొదటిదాంట్లో చేయకూడనివన్నీ చేశాను కాబట్టి రెండోది కాస్త బాగా వచ్చింది.

ముందు పుస్తకానికి పేరు కాదు, హద్దు పెట్టండి

"సమగ్రం", "సర్వస్వం" అన్న మాటలు అట్ట మీద వేస్తే పాఠకుడికి మాటిచ్చినట్టే. పదేళ్ల పత్రికలు మీరు చూడనే లేదనుకోండి, అప్పుడు ఆ మాట అబద్ధం అవుతుంది. 2012లో వచ్చిన గురజాడ రచనల పెద్ద సంపుటికి "సర్వలభ్య రచనల సంకలనం" అని పెట్టారు. "లభ్య" అన్న ఆ రెండక్షరాల్లో ఎంత నిజాయితీ ఉందో ఈ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. దొరికినవన్నీ ఉన్నాయి, దొరకనివీ ఉండొచ్చు అని ఒప్పుకోవడం అది.

హద్దు అంటే ఏవి చేరతాయి, ఏవి చేరవు అన్నది. కవిత్వం మాత్రమేనా? పాటలు, రేడియో రూపకాలు, అనువాదాలు, ఉత్తరాలు కూడానా? పెళ్లిళ్లకి రాసిచ్చిన పంచరత్నాల మాటేమిటి? నా ఉద్దేశంలో కవిత్వం ఒక సంపుటి, మిగతావి ఇంకోటి. పెళ్లి పద్యాలు, సన్మాన పత్రాలు అనుబంధంలోకి పోవాలి. వాటిని పారేయకండి, అలాగని మంచి కవితల మధ్య కూర్చోబెట్టకండి. ఈ నిర్ణయాలు ఒక కాగితం మీద రాసి కుటుంబం చేత చదివించండి. తర్వాత "మా పెద్దమ్మాయి పెళ్లికి రాసినవి వేయలేదేం" అన్న పేచీ ఉండదు.

టైపు చేయించకండి, ముందు ఖాతా రాయండి

మొదటి పుస్తకానికి నేను చేసిన పెద్ద తప్పు, పెట్టె తెచ్చిన రోజే కాగితాలు డీటీపీ అబ్బాయికి ఇచ్చేయడం. ఆరు నెలల తర్వాత చూస్తే ఒకే కవిత మూడు పేర్లతో మూడుసార్లు టైపయింది. మూడుసార్లకీ డబ్బులిచ్చాం.

పెట్టె తెరవగానే చేయాల్సింది ఫోటోలు తీయడం. ప్రతి కాగితమూ ముందూ వెనకా తీయాలి. ఏ కట్టలో ఏ కాగితం పక్కన ఏది ఉందో ఆ వరస చెదరకూడదు. తేదీ లేని కవితకి పక్క కాగితమే సాక్షి. మూలన పెన్సిల్‌తో చిన్నగా నంబరు వేయండి, పెన్నుతో వద్దు. తుప్పుపట్టిన గుండుసూదులు తీసేయండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు. ఆ ప్లాస్టిక్ కింద కాగితం ఏమైపోయినా మళ్లీ బయటికి తీయలేం.

తర్వాత ఖాతా. కంప్యూటర్లో ఒక పట్టిక పెట్టుకుని ప్రతి కవితకీ వరస నంబరు, శీర్షిక, మొదటి పంక్తి, చివరి పంక్తి, ఎక్కడ దొరికింది, అక్కడ వేసిన తేదీ, ఏ పేరుతో సంతకం చేశాడు, ఇంకెక్కడ అచ్చయింది అన్నవి రాయండి. కవితకి ఆనవాలు మొదటి పంక్తే, శీర్షిక కాదు. "ఉగాది" అన్న పేరుతో ప్రతి తెలుగు కవికీ అరడజను ఉంటాయి. పత్రికలవాళ్లు శీర్షికలు మార్చేస్తారు, కవులూ మార్చుకుంటారు. మొదటి పంక్తితో అకారాదిగా పేర్చి చూడండి, కవలలు పక్కపక్కకి వచ్చి నిలబడతాయి. మొదటి పంక్తిని కూడా మార్చి రాసుకున్న కవి తప్పించుకోబోతే చివరి పంక్తి పట్టిస్తుంది.

పత్రికల వేట

పెట్టెలో ఉన్నవి ఆయన దాచుకున్నవి మాత్రమే. దాచుకోనివి పత్రికల్లో ఉంటాయి. 1924 నుంచి 1991 దాకా నడిచిన భారతి, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, కృష్ణాపత్రిక చూడకుండా పాతతరం కవి పని పూర్తయిందని అనకండి. తెలంగాణ కవి అయితే 1926లో మొదలైన గోలకొండ పత్రిక చూడాలి. సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో తెచ్చిన గోలకొండ కవుల సంచికనీ చూడాలి. డెబ్బైల నాటి కవి అయితే వరంగల్లు నుంచి వచ్చిన సృజన సంచికలు కట్టలుగా తిరగేయాల్సిందే.

వేటపాలెం సారస్వత నికేతనం (1918), రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం (1898), హైదరాబాద్ సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం (1901), సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ఈ నాలుగూ తిరిగితే చాలామటుకు తేలుతుంది. ప్రయాణం పెట్టుకునే ముందు ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలు, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్న సంచికలు ఇంట్లోనే చూసేయండి. అక్కడ పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. ఒకే పత్రిక పేరుని నాలుగైదు రకాలుగా కొట్టి వెతకాలి.

గ్రంథాలయానికి వెళ్లి "ఫలానా ఆయన కవితలు కావాలండీ" అనకండి. ఏ పత్రిక, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అన్న జాబితా చేతిలో ఉండాలి. చూసిన సంచిక పక్కన టిక్కు పెట్టండి, లేని సంచిక పక్కన "లేదు" అని రాయండి. రేపు ముందుమాటలో మీరు చెప్పాల్సింది ఈ "లేదు"ల గురించే. విషయసూచిక చూసి వదిలేయొద్దు. కథ అయిపోయాక పేజీ అడుగున మిగిలిన జాగాలో వేసిన నాలుగు పంక్తుల కవితలు సూచికలో ఉండవు. కలం పేర్లూ గుర్తుంచుకోవాలి. ఇంటిపేరు, ఊరిపేరు కలిసిన మరో మనిషి ఉన్నాడేమో కూడా చూసుకోవాలి. మేం ఒకసారి ఇంకొకాయన పద్యాలు ఎనిమిది మా కవి ఖాతాలో వేసేశాం. ఆ ఇంకొకాయన మనవడు పుస్తకావిష్కరణ సభకే వచ్చాడు.

చాలామంది మర్చిపోయే చోటు రేడియో. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. ఉగాది కవిసమ్మేళనానికో ప్రసంగానికో పిలిచినప్పుడు ఆకాశవాణి పంపిన ఒప్పంద పత్రాలు పెట్టెలో ఉంటే బంగారమే. అంశం, ప్రసార తేదీ, పారితోషికం అన్నీ వాటిలో ఉంటాయి.

తేదీల చిక్కు

కింద "విరోధి ఉగాది" అని మాత్రమే రాసి ఉంటుంది. తెలుగు సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్లకోసారి తిరిగొస్తాయి. విరోధి అంటే 1949-50 కావచ్చు, 2009-10 కావచ్చు. 1927-28 ప్రభవ అని గుర్తుపెట్టుకుంటే మిగతావి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. శ్రీశ్రీ మొదటి పుస్తకం 1928 నాటిది, దాని పేరు కూడా ప్రభవే. సంవత్సరం ఉగాదికి మారుతుంది కాబట్టి సంక్రాంతికి రాసిన కవిత ఇంగ్లీషు లెక్కలో తర్వాతి ఏడాదిలో పడుతుంది. నిజాం ఇలాకాలో చదువుకున్న కవి ఫసలీ (అక్కడి సర్కారు లెక్క) సంవత్సరం వేసుంటాడు. దానికి 590 కలిపితే దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, ఒకటి అటూ ఇటూ.

రాసిన తేదీ, అచ్చయిన తేదీ వేరు వేరు గళ్లలో ఉండాలి. మహాప్రస్థానంలో కవితలు చాలామటుకు 1933-40 మధ్యవి, పుస్తకం వచ్చింది 1950లో. పుస్తకం ఏడాదినే కవిత ఏడాదిగా వేస్తే చరిత్ర పదేళ్లు పక్కకి జరుగుతుంది. తేదీ దొరకకపోతే ఖాళీ వదలండి. "ఇందులో కరువు ఉంది కాబట్టి ఫలానా ఏడాది అయ్యుంటుంది" అన్న ఊహ ముందుమాటలో చెప్పుకోవచ్చు, కవిత కింద వేయకూడదు.

హక్కులు: నోటిమాట చాలదు

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కవి పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి అరవయ్యేళ్లు హక్కు ఉంటుంది. తిలక్ 1966లో పోయాడు, 2026 చివరి దాకా. జాషువా 1971, 2031 చివరి దాకా. కృష్ణశాస్త్రి 1980, 2040 దాకా. శ్రీశ్రీ 1983, 2043 దాకా. కవి బతికుండగా అచ్చుకాకుండా నోటుపుస్తకంలోనే ఉండిపోయిన కవితకి మాత్రం లెక్క అచ్చయిన ఏడాది నుంచి మొదలవుతుంది. తిలక్ "అమృతం కురిసిన రాత్రి" ఆయన పోయాక 1968లో వచ్చింది. అయినా అందులో అంతకుముందే పత్రికల్లో వచ్చిన కవితలకి ఈ మినహాయింపు వర్తించదు. అందుకే పుస్తకం ఏడాది కాకుండా ఒక్కో కవితా మొదట ఎక్కడ అచ్చయిందో మీ ఖాతాలో ఉండాలి.

హక్కులు వారసులవైతే "పెద్దబ్బాయి సరే అన్నాడు" అన్నది అనుమతి కాదు. వీలునామా లేకపోతే వారసులందరూ సంతకం పెట్టాలి, అమెరికాలో ఉన్న చిన్నకూతురు కూడా. కాగితం మీద ఎన్నేళ్లకి, ఏ దేశాలకి అన్నది స్పష్టంగా రాయించండి. కాలం రాయకపోతే చట్టం అయిదేళ్లే అనుకుంటుంది, చోటు రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. ఈ-పుస్తకం వేసే ఆలోచన ఉంటే అదీ రాయించాలి. పాత ముందుమాటలు మళ్లీ వేస్తున్నారా? అవి రాసినవాళ్ల హక్కులు వేరు. మహాప్రస్థానానికి చలం రాసిన యోగ్యతాపత్రం చలందే, ఆయన 1979లో పోయాడు. సినిమా పాటలకైతే నిర్మాతతో చేసుకున్న ఒప్పందం చూడకుండా ముట్టుకోవద్దు.

ఇక్కడే ఇంకో సంగతి. పెట్టెలో ఇంటావిడ మీద రాయని ప్రేమకవితలు ఉంటాయి. ఉండి తీరతాయి. "ఇవి వద్దులెండి" అని నెమ్మదిగా పక్కకి తీస్తారు. వాళ్లతో పోట్లాడకండి, అది వాళ్లిల్లు. కాకపోతే "కుటుంబం కోరిక మీద ఇన్ని కవితలు చేర్చలేదు" అన్న ఒక్క వాక్యం ముందుమాటలో ఉండాలని పట్టుబట్టండి. ఒకసారి ఒక కుటుంబానికి ఆ వాక్యం రాయడానికి ఒప్పుకోవడం కంటే కవితలు వేయడమే నయమనిపించి, వేసేయమన్నారు.

ఏ పాఠం వేయాలి

పని అంతా ఇక్కడే ఉంది. ఒక కవిత నోటుపుస్తకంలో ఒక రకంగా, పత్రికలో ఇంకో రకంగా, పుస్తకంలో మరో రకంగా ఉంటుంది. ఒక్కో రకం ఒక్కో పాఠం. మూడింటిలోనూ బాగున్న పంక్తులు ఏరి కలిపేయాలనిపిస్తుంది. అలా కలిపితే కవి ఎన్నడూ రాయని కవిత ఒకటి పుడుతుంది. ఒక్క ప్రతిని ఆధారంగా తీసుకోండి, మిగతావాటిలో తేడాలు పాఠాంతరాలుగా చివర ఇవ్వండి.

మామూలుగా, కవి బతికుండగా తానే చూసుకున్న చివరి అచ్చు ఆధారప్రతి అవుతుంది. "తానే చూసుకున్న" అన్నది ముఖ్యం. అయిదో ముద్రణ ఆయన ఉండగానే వచ్చినా, ప్రూఫులు ఆయన ముట్టుకోలేదంటే అందులో ఉన్నవి కంపోజిటరు మార్పులే. కవి చేతిరాత ఉంటే ఇక ప్రశ్నే లేదనుకోవడమూ పొరపాటే. మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ దస్తూరీలోనే 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి అచ్చేశారు. అందులో చేతిరాత డెబ్బై దాటిన కవిది, కవితలేమో పాతికేళ్ల కుర్రాడివి. అమూల్యమైన ప్రతి అది, అయినా 1950 ముద్రణకి బదులు కాదు, దాని పక్కన నిలబెట్టి చూడాల్సిన మరో సాక్షి.

రెండు పాఠాలూ మరీ దూరమైపోతే రెండూ వేయండి. కన్యాశుల్కం నాటకమే అయినా ఉదాహరణకి పనికొస్తుంది. 1897 నాటిదీ 1909 నాటిదీ పాఠాంతరాల పట్టికలో ఇమిడే తేడా కాదు, రెండోది దాదాపు తిరగరాసిందే. ఇక కవి చేతిరాతా లేదు, అచ్చూ లేదు, ఉన్నవన్నీ నకళ్లే అయినప్పుడు ఏం చేయాలో సి.పి. బ్రౌన్‌ని అడగాలి. వేమన పద్యాల తాళపత్రాలు, కాగితపు ప్రతులు తెప్పించి, పండితుల్ని కూర్చోబెట్టి పోల్పించి, 1829లో 693 పద్యాలు అచ్చేశాడు. పదేళ్లు ఆగి, ఇంకా ప్రతులు చూసి, 1839లో 1164 వేశాడు.

అచ్చుతప్పుని, కవి ఉద్దేశాన్ని వేరుచేయడానికి పద్యకవులకి ఛందస్సే కాపలాదారు. ఉత్పలమాలలో ఒక అక్షరం పోతే గణం కుంటుతుంది, యతి తప్పిందంటే ఆ చుట్టుపక్కల ఎక్కడో తప్పుంది. మాత్రాఛందస్సులూ అంతే. "దేశమును ప్రేమించుమన్నా" అన్న గురజాడ పంక్తిని మూడు, నాలుగు మాత్రలుగా విడదీయండి: దేశ / మును ప్రే / మించు / మన్నా. టైపు చేసే అబ్బాయి అలవాటు కొద్దీ "దేశాన్ని" అని కొడితే నడక అక్కడే తెగుతుంది, చెవికి తెలిసిపోతుంది.

వచనకవితకి ఈ కాపలా లేదు. అక్కడ అన్నిటికంటే పెద్ద ప్రమాదం పంక్తి విరుపు. పత్రికల్లో రెండు కాలమ్‌ల మధ్య పొడుగు పంక్తి పట్టక కిందికి దిగిపోతుంది. పుస్తకం వేసేటప్పుడు దాన్నే కవి విరుపు అనుకుని కొత్త పంక్తిగా వేసేస్తారు. చేతిరాత ఉంటే సరిచూడండి. లేకపోతే ఆ పత్రికలో అదే నెలలో ఇంకో కవి పంక్తులు ఎక్కడ విరిగాయో చూడండి. అందరివీ ఒకే చోట విరిగితే అది కాలమ్ వెడల్పు చేసిన పని. పేజీ అడుగున ఆగిన చోట చరణం ముగిసిందా లేదా అన్నదీ ఇలాగే అనుమానించాలి.

భాషని మాత్రం దిద్దకండి. అరసున్నలు, బండి ఱలు కవి వాడితే ఉంచండి, వాడకపోతే పెట్టకండి. "వొచ్చిండు", "గిట్ల", "ఏందిర" అని రాసినవాణ్ణి "వచ్చాడు", "ఇలా", "ఏమిటిరా" అనిపించే హక్కు మనకి లేదు. ఇలాంటి సవరణలు చాలాసార్లు చెప్పకుండానే జరిగిపోతాయి. డీటీపీలో ఒకరు, ప్రూఫుల్లో ఒకరు, ప్రేమకొద్దీ ఇంకొకరు. ముందే ఒక కాగితం మీద "ఏ మాటా మార్చవద్దు, అనుమానం వస్తే గుండ్రం చుట్టండి" అని రాసి టైపు చేసేవాళ్ల బల్ల మీద అంటించండి. కఠినమైన మాండలిక పదాలకి చివర చిన్న పదకోశం చాలు.

వరస

కవితలు రాసిన తేదీ ప్రకారం అన్నీ పేర్చడం చూడ్డానికి శాస్త్రీయంగా ఉంటుంది. కానీ కవి తానే కూర్చిన పుస్తకానికి ఒక కూర్పు ఉంటుంది, దాన్ని విరగ్గొట్టకూడదు. మహాప్రస్థానం శ్రీశ్రీ తన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావు కోసం రాసిన కవితతో తెరుచుకుంటుంది. తేదీల కోసం దాన్ని ఎక్కడో మధ్యలోకి నెట్టేస్తే పుస్తకానికి గుమ్మం ఊడిపోయినట్టే. కవి వేసిన పుస్తకాలు వేసిన వరసలోనే, అంకితాలతో సహా ఇవ్వండి. పుస్తకాల్లోకి ఎక్కనివి ఆ తర్వాత తేదీల వరసలో. తేదీ లేనివి, అసంపూర్ణాలు చివర. తేదీల ప్రకారం చదవాలనుకునేవాళ్లకి ఒక పట్టిక ఇస్తే సరిపోతుంది.

టైపు, ప్రూఫు, అచ్చు

యూనికోడ్‌లోనే టైపు చేయించండి. యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లకి అలవాటుపడిన ఆపరేటర్లు ఇంకా చాలామంది ఉన్నారు, పని చక్కగా చేస్తారు, కానీ అందులో వెతకలేం, అకారాది తీయలేం, తర్వాత మార్పిడి చేస్తే వత్తులు చెదురుతాయి. ప్రెస్సువాళ్లకి అదే కావాలంటే ఆఖర్న మార్చి ఇవ్వండి, అసలు ప్రతి మాత్రం యూనికోడ్‌దే. డబ్బు సరిపోతే ఇద్దరి చేత విడివిడిగా టైపు చేయించి రెండు ఫైళ్లనీ కంప్యూటర్ చేత పోల్పించండి. ఇద్దరూ ఒకే తప్పు ఒకే చోట చేయడం అరుదు. మూడు ప్రూఫులు చదివించడం కంటే ఇదే నయమని నా అనుభవం. పాత లెటర్‌ప్రెస్ పేజీలని ఓసీఆర్‌కి (పేజీ బొమ్మని చదివి అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి) ఇస్తే ప, వ, ష కలగాపులగం చేస్తుంది. ద, ధ, థల సంగతి చెప్పనక్కర్లేదు.

ప్రూఫు ఇద్దరు కూర్చుని చూడాలి. ఒకరు మూలం పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టుకుని వినాలి. అర్థం కుదిరిందా అని కాదు, మూలంలో ఉన్నదే ఉందా అని చూడాలి. కవిత్వం బాగా తెలిసినవాడు దీనికి పనికిరాడు, తప్పు అక్షరాన్ని మనసులోనే సరిచేసుకుని ముందుకెళ్లిపోతాడు.

పేజీ కొలత కవి పొడుగు పంక్తిని బట్టి తేల్చుకోండి. మామూలు పుస్తకాల కొలత డెమీ 1/8లో పట్టని పంక్తి ఉంటే, కిందికి దిగిన ముక్కని బాగా లోపలికి జరిపి వేయించండి, కొత్త పంక్తి అని ఎవరూ పొరబడకుండా. పాఠాంతరాల నంబర్లు కవిత మీద వేయొద్దు. చివర పేజీ, పంక్తి సంఖ్యలతో ఇస్తే కావలసినవాళ్లు చూసుకుంటారు. మొదటి పంక్తుల అకారాది సూచిక తప్పనిసరి. కంప్యూటర్ పేర్చిన వరసని నమ్మకుండా, సున్నా క్షకారమూ ఎక్కడ రావాలో నియమం పెట్టుకుని చేత్తో సరిచూడండి.

ఫారానికి పదహారు పేజీల లెక్కన 640 పేజీలంటే నలభై ఫారాలు. ఇంత లావు పుస్తకానికి కేవలం జిగురు బైండింగ్ చేస్తే రెండో చదువుకే ఆకులు రాలతాయి. ఫారాలు కుట్టించి అట్ట వేయించండి, ఖర్చు ఎక్కువైనా సరే. వెయ్యి పేజీలు దాటితే రెండు సంపుటాలు చేయడం మేలు, పడుకుని చదువుకునేవాళ్ల ఛాతీ మీద జాలి చూపాలి కదా. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితమే, రాజా రామ్‌మోహన్‌రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అచ్చయిన 30 రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకి, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కో ప్రతి పంపాలని 1954 చట్టం ఉంది. చాలామంది పంపరు. మీరు పంపండి, యాభయ్యేళ్ల తర్వాత మీ పుస్తకం కోసం ఇంకెవరో వేటకి బయల్దేరినప్పుడు కనీసం ఒక చోటైనా దొరుకుతుంది. ఖాతా పట్టికనీ స్కాన్‌లనీ కూడా ఒక గ్రంథాలయానికి ఇచ్చేయండి.

ఆవిష్కరణ అయిన వారంలోపే ఫోన్ వస్తుంది. "అయ్యా, మా తాతగారి షష్టిపూర్తికి ఆయన రాసిచ్చిన సీసపద్యాలు మా హాల్లో ఫ్రేము కట్టించి ఉన్నాయండీ, పుస్తకంలో లేవే?" అంటారు. విసుక్కోకండి. అద్దం మీద వెలుగు పడకుండా ఫోటో తీసి పంపమనండి. ఖాతా తెరిచి తర్వాతి నంబరు వేయండి.